బ్రేక్ ఇన్‌స్పెక్టరూ కుమారిలభట్టూ

మా బుల్లెట్‌కి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయి. 1988 నాటి 350 సీసీ బండి. మొదటి గేరు పైకెత్తాలి, మిగతా మూడూ కిందికి తొక్కాలి. ఇప్పటి బళ్ళు నడిపినవాడు దీన్నెక్కితే కుడిఎడమలు మళ్ళీ నేర్చుకోవలసిందే.

2023లో రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కి తీసుకెళ్ళినప్పుడు ఈ సంగతి ఇన్‌స్పెక్టరుగారికి ముందే చెప్పాను. మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరుని మా వైపు ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టరనే అంటారు. కుర్రాడు, నా దగ్గర ఆఖర్న చదువుకున్న పిల్లల ఈడు. "తెలుసు సార్" అంటూ ఎక్కాడు. గేటుదాకా బాగానే వెళ్ళాడు. అక్కడ ఒక ట్రాలీ ఆటో అడ్డమొచ్చింది. అలవాటుకొద్దీ కుడికాలు గట్టిగా కిందికి దిగింది. బండి ఆగడం మాట అటుంచి, టక్కున రెండో గేరులో పడింది. చేతిబ్రేకు పట్టుకుని ఆటో డాలాకి జానెడు దూరంలో నిలిపాడు.

నడిపించుకుంటూ వెనక్కొచ్చి, "దీనికి బ్రేకు లేదు సార్" అన్నాడు.

"ఉంది బాబూ, మీ ఎడమకాలి కింద."

ఆయన ఒకసారి కిందికి చూసుకుని నవ్వేశాడు. నేనూ నవ్వాను కానీ, నా నవ్వు వేరే. ముప్పై ఏళ్ళు సంస్కృతం లెక్చరరుగా తర్కసంగ్రహం పాఠం చెప్పినవాణ్ణి. ప్రామాణ్యవాదం వచ్చినప్పుడల్లా పిల్లలు ఆవులించేవారు. వాళ్ళకి చూపించాల్సిన ఉదాహరణ నేను రిటైరయ్యాక ఆ గేటు దగ్గర దొరికింది.

ప్రశ్న చిన్నదే. నాకొకటి తెలిసిందనుకోండి, అది నిజమేనని ఎలా తెలుస్తుంది? మీమాంసా పండితుడు కుమారిలభట్టు, ఆయన వెంట మిగతా మీమాంసకులు, తెలివికి ప్రామాణ్యం స్వతహాగానే ఉంటుందన్నారు. నమ్మడానికి కారణం వెతకనక్కర్లేదు, కొట్టెయ్యడానికే కారణం కావాలి. అలాంటివి రెండే రెండు: దాన్ని కాదనే మరో జ్ఞానం కలగడం, లేదా అది పుట్టిన సాధనంలోనే దోషముందని బయటపడటం. కామెర్లవాడికి తెల్లని శంఖం పచ్చగా కనిపిస్తుంది. శాస్త్రం ఒక్క శంఖంతో సరిపెట్టుకుంది, మన సామెతలో లోకమంతా పచ్చే. "బ్రేకు లేదు" అన్న తీర్పు కూడా పచ్చ శంఖమే. దోషం బండిది కాదు, చూసిన కాలిది.

న్యాయశాస్త్రంవాళ్ళు, అంటే నైయాయికులు, దీనికి ఒప్పుకోరు. దూరంగా నీళ్ళు కనిపించాయి, నీళ్ళో ఎండమావో! వెళ్ళి తాగితే దాహం తీరింది, అప్పుడు గాని ఆ తెలివి నిజమని తేలదు. ప్రామాణ్యం బయటి నుంచి రావాలి, అంటే పరతః. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడు. దానికి తానే రాసుకున్న దీపికలో ఆయన ఈ పక్షానే నిలబడ్డాడు. ఉద్యోగరీత్యా నాదీ ఆ పక్షమే.

మోటారు వాహనాల చట్టం కూడా మా బండి పుట్టిన 1988 సంవత్సరందే. అది రెండు దర్శనాలనీ కలిపి వండింది. కొత్త సొంతబండికి 15 ఏళ్ళ రిజిస్ట్రేషన్ ఇస్తుంది. ఆ పదిహేనేళ్ళూ రోడ్డుమీద అది బాగానే ఉందా అని అడగదు. అక్కడిదాకా కుమారిలుడు. పదహారో ఏడు రాగానే న్యాయశాస్త్రం మొదలు: బండి తెచ్చి చూపించు, పాసైతే అయిదేళ్ళు, తరవాత మళ్ళీ రా. మాది 2003 నుంచి చూపిస్తూనే ఉన్నాను, ఇది అయిదోసారి. 300 ఉన్న ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 1,000 అయింది. పరతఃప్రామాణ్యం చవకైనదని ఎవరన్నారు గనక!

బుల్లెట్ పుట్టింటిది ఇంకో రకం లెక్క. ఆ పేరుతో మొదటి బండి 1932లో ఇంగ్లండులోని రెడిచ్‌లో తయారైంది. అక్కడ బండికి మూడేళ్ళు నిండితే ఏటా పరీక్ష చేయించాలి. కానీ 2018 మే నుంచి, 40 ఏళ్ళు దాటిన బండిని పెద్ద మార్పులేవీ లేకుండా ఉంచుకుంటే ఆ పరీక్ష అక్కర్లేదు. ముందు నమ్మకం, నడిమి వయసులో అనుమానం, ముసలితనంలో మళ్ళీ నమ్మకం. అదేదో మనుషులకి కూడా పెడితే బాగుండును, నా పెన్షన్ ఆఫీసు ఏటేటా నేను బతికున్నట్టు సర్టిఫికెట్ అడుగుతోంది.

ఆ రోజు రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట పొగ పరీక్ష చేసే వ్యాను ఉంది. వ్యానువాడు సైలెన్సర్‌లో గొట్టం దూర్చాడు. 2000 సంవత్సరానికి ముందటి టూవీలర్లకి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం దాటకూడదు. మాది 3.8 చూపించింది. "ఈ మెషీను చెప్పేది సరైనదేనని నీకెలా తెలుసు బాబూ?" అని అడిగాను. అద్దానికి అంటించిన కాలిబ్రేషన్ సర్టిఫికెట్ చూపించాడు. ఆ కాలిబ్రేషన్ చేసిన పరికరం సంగతో? అడగలేదు, వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు. మీమాంసకులు నైయాయికుల మీద వేసిన అనవస్థాదోషం ఇదే. ఒక్కొక్క తెలివికీ వెనక ఇంకొక సాక్షి కావాలంటే లైను ఎప్పటికీ కదలదు.

అసలు మీమాంసకులు ఇంత పట్టుపట్టింది శంఖాల కోసం కాదు, వేదం కోసం. వేదం అపౌరుషేయం, రాసినవాడు లేడు. మాటల్లో తప్పు దొర్లేది చెప్పినవాడి వల్ల గనక, చెప్పినవాడే లేనిచోట తప్పుకి చోటు లేదన్నారు. నైయాయికులు, కాదు, చెప్పినవాడు ఈశ్వరుడు, ఆయన నమ్మదగినవాడు గనకే వేదం ప్రమాణం అన్నారు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, గుడికి వెళ్ళేవాళ్ళని అడిగి చూడండి. దేవుడు మంచివాడు కాబట్టి మొక్కుతాం అనేవాళ్ళు కొందరు. మా తాతల నాటి నుంచి మొక్కుతున్నాం, మానెయ్యడానికి కారణమేదీ కనబడలేదు అనేవాళ్ళు ఎక్కువ. రెండోవాళ్ళది మూఢత్వమని నేను చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అంత ధీమాగా అనలేను.

బండిలోనూ ఇదే గొడవ. 1955లో రెడిచ్ కంపెనీవాళ్ళు మద్రాస్ మోటార్స్‌తో కలిసి మన దేశంలో మొదలెట్టారు, తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో తయారైన బండి, ఇంకేం కావాలి, అంటారు కంపెనీని నమ్మేవాళ్ళు. మా మేస్త్రీ ఆ మాటకి నవ్వుతాడు. మా బండిలో ఆ ఫ్యాక్టరీవి ఇంకా ఏమున్నాయో ఆయనకే తెలియాలి. క్లచ్ ప్లేట్లు, బ్రేకు లైనర్లు, పిస్టను, ఇంజనులో సగం వాషర్లు అన్నీ మార్చినవే, అందులోనూ చాలామటుకు చేసినవాడి పేరూ ఊరూ లేని డూప్లికేట్లు. అచ్చంగా అపౌరుషేయాలు. అయినా నడుస్తోంది.

మేస్త్రీ స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకి ఆనించి పిడి చెవికి పెట్టుకుంటాడు. ట్యాపెట్ల చప్పుడు ఆయనకి అక్షరాల్లా వినబడుతుంది. రెన్యూవల్‌కి ముందురోజు అలాగే విని, "పంపించొచ్చు మాస్టారూ" అన్నాడు.

"దారిలో ఆగదుగా?"

"ఆగదని ఎవడన్నా అంటే ఆడి మాట నమ్మకండి. ఆగుద్ది. ఎందుకాగిందో మీకు తెలుస్తది, అదీ ఈ బండి."

నమ్మకమైన బండి అంటాం, దేవుడి మీద నమ్మకం అంటాం. తెలుగులో రెండింటికీ ఒకటే మాట. ఆగని బండి నమ్మకమైనదని నేను అనుకునేవాణ్ణి. మేస్త్రీ లెక్కలో అది కాదు: దేని దోషాలు మనకి తెలిసి ఉన్నాయో, మనకి తెలియకుండా ఏ దోషమూ దాచదో, అది నమ్మకమైనది. కుమారిలుడు చెప్పిన దోషజ్ఞానం అనే మాటకి నాకు తెలిసిన వ్యాఖ్యానాల్లో ఇంత సూటిదింకోటి లేదు.

ఇంతకీ ఆ రోజు మొదట ఫెయిలయ్యాం. బ్రేకు వల్ల కాదు. హారను నీరసంగా ఉందనీ, బ్రేకు తొక్కితే వెనక ఎర్రలైటు వెలగడం లేదనీ ఇన్‌స్పెక్టరు రాశాడు. రెండూ నిజాలే. కుర్రాడి కాలు తప్పు చేసింది గాని కళ్ళు సరిగ్గానే పనిచేశాయి. ఎదురుగా ఉన్న కొట్లో బల్బు వేయించి, హారను స్క్రూ తిప్పించి మళ్ళీ చూపించాను. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకున్నారు. పాస్.

ఇంటికి తిరిగొస్తుంటే సంగం జాగర్లమూడి దగ్గర, కొమ్మమూరు కాలవ ఒడ్డున బండి ఆగిపోయింది. అయిదేళ్ళకి సరిపడా యోగ్యత సంపాదించుకుని గంటన్నర కాలేదు. మేస్త్రీ నేర్పినట్టు తాళం తిప్పి ఆన్‌లో ఉంచి, కిక్ రాడ్డుని చేత్తో మెల్లగా నొక్కుతూ అమ్మీటరు చూశాను. మామూలుగా అయితే పాయింట్లు కలిసినప్పుడు ముల్లు ఎడమకి వాలుతుంది, విడిపోగానే మధ్యకొస్తుంది. ఆ వేళ మధ్యలోంచి కదలనే లేదు. అంటే పాయింట్లలో కరెంటు దాటడం లేదు. ఇంజను పక్కన చిన్న మూత తీశాను. పాయింట్ల మొహాల మీద నల్లటి జిడ్డు. తుడవడానికి గుడ్డ పనికిరాదు, పోగులు అంటుకుంటాయి. మందపాటి కాగితం కావాలి. జేబులో ఉన్నదొకటే, వెయ్యి రూపాయల ఫీజు కట్టిన రసీదు. దాని అంచు మడిచి పాయింట్ల మధ్య పెట్టి నాలుగుసార్లు లాగాను. రసీదు మీద తారీఖు నల్లబడింది. మూడో కిక్కుకి బండి స్టార్టయింది.

తెనాలిలో ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "పాసైందా?" అంది. మాట్లాడకుండా రసీదు తియ్యబోయాను. నల్లగా ఉన్న నా వేళ్ళు చూసింది.

"కాలేదన్నమాట" అని లోపలికెళ్ళి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు తోడింది.