పిక్సెల్‌లో మడ అడవి: ప్రత్యక్షమా, అనుమానమా?

ఉపగ్రహ చిత్రంలో మడ అడవిని చూశామంటే అది ప్రత్యక్షమా, అనుమానమా? ఇంద్రియం వస్తువును తాకగా పుట్టే జ్ఞానం ప్రత్యక్షమని, గుర్తును బట్టి తేల్చే జ్ఞానం అనుమానమని న్యాయ దర్శనం వారు, అంటే నైయాయికులు అంటారు. బెంగళూరు హోసూరు రోడ్డులో, హెబ్బగోడిలో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి కన్ను తాకేది తెర మీది రంగును. కాకినాడ పక్కనున్న కోరింగ అడవిని కాదు.

ఆ రంగైనా చెట్టుది కాదు. ఆకు కంటికి కనబడని పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది. దాన్ని తెర మీద ఎరుపుగా చూపిస్తారు కాబట్టి పచ్చటి అడవి ఎర్రగా కనిపిస్తుంది. రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల లిస్-3 కెమెరాకు 23.5 మీటర్ల చదరం ఒక పిక్సెల్. అంటే దాదాపు పదమూడున్నర సెంట్ల నేల. అందులో తిల్ల అనే మడ జాతి చెట్లు నాలుగు, కాస్త బురద, ఓ పాయ ముక్క ఉంటే అన్నీ కలిసి ఒక్క అంకె అవుతాయి.

కాబట్టి ఇది అనుమానమే. పొగను బట్టి కొండ మీద నిప్పుందని తేల్చినట్టు, ఎరుపును బట్టి మడ ఉందని తేల్చడం. అయితే వరి, కొబ్బరి, సరుగుడు తోటలూ ఎర్రగానే కనిపిస్తాయి. తేల్చాల్సినది (సాధ్యం) లేనిచోటా కనిపించే గుర్తు (హేతువు) సవ్యభిచారం. 17వ శతాబ్దపు అన్నంభట్టు తర్కసంగ్రహంలో దీనికి సరిపోయే ఉదాహరణ ఉంది. నిప్పున్నంత మాత్రాన పొగ ఉండదు. తడి కట్టె కలవాలి. ఆ తడి కట్టె ఉపాధి, అంటే తోడుండాల్సిన షరతు. మడ విషయంలోనూ తోడు కావలసింది తడే కావడం ముచ్చటైన విషయం. పోటు నీటికి నానిన బురద హ్రస్వతరంగ పరారుణ కాంతిని పీల్చేసి ఆ కాంతిలో చీకటిగా కనిపిస్తుంది. ఎరుపుకు ఆ చీకటి తోడైతేనే మడ అనుకోవాలి. వరిచేనూ తడిదే కదా అంటే, కోత తర్వాత తీసిన చిత్రంలో వరి ఉండదు, మడ ఉంటుంది.

మరి గుర్తుకూ వస్తువుకూ విడదీయరాని సంబంధం, అంటే వ్యాప్తి, ఎక్కడ కుదురుతుంది? పొగకూ నిప్పుకూ వంటిల్లు. మడకు పడవ. జీపీఎస్ పట్టుకుని పాయల్లోకి వెళ్లి, ఏ పిక్సెల్‌లో నిజంగా ఏముందో చూసి రావాలి. అక్కడ ఇది తిల్ల, పాలు కంట్లో పడనీయకండి అని పడవవాడు చెప్పే మాట శబ్ద ప్రమాణం. పటంలో ఆయన పేరుండదు గానీ పటం నిలబడేది ఆ మాట మీదే.

అసలు చిక్కు అభావంతో. కనబడలేదు కనుక లేదనడానికి భాట్ట మీమాంసకులు అనుపలబ్ధిని వేరే ప్రమాణంగా ఒప్పుకుంటారు, నైయాయికులు ఒప్పుకోరు. ఉంటే కనబడి తీరేదన్న యోగ్యత కావాలన్న దాంట్లో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. చీకటి గదిలో కుండ కనబడకపోతే కుండ లేదని కాదు. భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2023 నివేదిక ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 421 చదరపు కిలోమీటర్ల మడ అడవులు చూపింది. ఆ సంస్థ పటాల్లో కనీస కొలత ఒక హెక్టారు. పాయ గట్టున నాలుగు గజాల వెడల్పున పెరిగిన మడకు అక్కడ కనబడే యోగ్యతే లేదు. ఆ పటాన్ని చూపి ఆ గట్టు మీద మడ లేదనడం చెల్లదు.