ఇచ్చినవాడి బాధ్యత ఎంతవరకు?

ఊరికోసం బావి తవ్వించినవాడు ఏటేటా పూడిక కూడా తానే తీయించాలా? నీళ్లు చెడిపోతే జవాబు తానే చెప్పుకోవాలా? ఉచితంగా ఇచ్చినదాని మీద ఇచ్చినవాడికి ఇంకా బాధ్యత మిగులుతుందా అన్న ఈ ప్రశ్న పాతదే. కాని నేడు విజ్ఞానశాస్త్ర రంగంలో అది కొత్త రూపంలో ముందుకు వచ్చింది. శాస్త్రజ్ఞులు వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుకు ఎందరో అధ్యాపకులూ, పరిశోధక విద్యార్థులూ అదనపు ప్యాకేజీలు రాసి, పైసా తీసుకోకుండా లోకానికి అందిస్తున్నారు. సాహిత్యం చదువుకున్నవాడికి ఈ గొడవ దేనికని కొందరడగవచ్చు. శ్రమ ఎవరిది, ఫలం ఎవరిది, బాధ్యత ఎవరిది అన్న విచారణ ఏ ఒక్క శాస్త్రానికో పరిమితమైనది కాదు.

గణాంకశాస్త్రంలో వాడే ‘ఆర్’ భాషనే తీసుకుందాం. దానికి పూర్వరూపమైన ‘ఎస్’ భాష 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో పుట్టింది. కాలక్రమాన అది ‘ఎస్-ప్లస్’ అనే పేరుతో అమ్మకపు సరుకయింది. 1990ల ఆరంభంలో న్యూజిలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకులు ‘ఆర్’ను తయారుచేశారు. 1995లో దానికి గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు వర్తింపజేశారు. ఆ లైసెన్సు సారాంశం ఇది: ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏమున్నదో చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని ఇతరులకు అందించేటప్పుడు మాత్రం అవే హక్కులు వాళ్లకూ ఇవ్వాలి. అంటే, ఉమ్మడి పొలానికి ఎవరూ సొంత కంచె వేసుకోకూడదన్నమాట.

ఈ భాషకు తగిలించుకునే అదనపు పనిముట్లే ప్యాకేజీలు. వాటిని భద్రపరచి పంచిపెట్టటానికి 1997లో ‘క్రాన్’ అనే భాండాగారం ఏర్పడింది. నేడు అందులో 20,000కు పైగా ప్యాకేజీలున్నాయి. ఖరీదైన సాఫ్ట్‌వేరు కొనే తాహతులేని మన కాలేజీల శాఖలకు ఇది ఎంత మేలో వేరే చెప్పనక్కరలేదు.

దీన్ని చూసి మన మిత్రులు కొందరు సంబరపడతారు. సొంత ఆస్తి లేదు, లాభాపేక్ష లేదు, ఎవరి శక్తికొద్దీ వారు పనిచేస్తున్నారు, ఎవరి అవసరంకొద్దీ వారు తీసుకుంటున్నారు. రేపటి సమాజం ఇక్కడ ఇప్పుడే మొలకెత్తిందంటారు. ఈ సంబరంలో నిజం లేకపోలేదు. కాని తొందరపాటూ వుంది. ఆస్తి ఉమ్మడి కావటం వేరు, శ్రమ ఉమ్మడి కావటం వేరు.

క్రాన్ నిబంధనలే చూడండి. ప్రతి ప్యాకేజీకీ బాధ్యుడిగా ఒక్క మనిషి పేరు వుండాలి. సంఘం పేరు చాలదు. ఒక ప్యాకేజీ మీద మరికొన్ని ఆధారపడి వుంటాయి గనక, వాటిని దెబ్బతీసే మార్పు చేసేవాడు కనీసం రెండు వారాలు ముందుగా వాటి బాధ్యులకు చెప్పాలి. మూల భాష మారినప్పుడు పరీక్షల్లో తప్పిన ప్యాకేజీని సరిదిద్దాలి. సరిదిద్దకపోతే దాన్ని పాతవాటి గదిలోకి నెట్టేస్తారు. పిలిస్తే పలకని బాధ్యుడి ప్యాకేజీకి అక్కడ పెట్టిన పేరు ‘అనాథ’. ఆ మాటలో ఎంత సత్యం వుందో గమనించండి. వాడుకునేవాళ్లు వేలమంది వుండి కూడా, పోషించే ఆ ఒక్కడూ లేకపోతే అది అనాథే!

అయితే ఆ ఒక్కడి బాధ్యత ఎంత? చట్టాన్నడిగితే జవాబు సులభం. ‘ఆర్’ను తెరిచిన ప్రతిసారీ అది చెప్పే మొదటి మాటల్లోనే, దీనికి ఎలాంటి హామీ లేదని వుంటుంది. కాని చట్టం విడిచిపెట్టినంత మాత్రాన నీతి విడిచిపెడుతుందా? ‘ఆఫ్నీ’ అనే మరొక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు సంగతి చూద్దాం. మెదడు చిత్రాలను విశ్లేషించటానికి దాన్ని వాడతారు. అందులోని ఒక భాగంలో 15 సంవత్సరాలుగా ఒక తప్పు వుండిపోయిందని, స్వీడన్, బ్రిటన్ పరిశోధకులు 2016లో ప్రచురించిన వ్యాసంలో తెలియజేశారు. ఆ తప్పు మూలంగా, లేని ఫలితం వున్నట్టు కనిపించే అవకాశం పెరిగింది. పరిశోధకులు దాన్ని పట్టుకోగానే నిర్మాతలు 2015లోనే సరిదిద్దారు. అన్నేళ్లపాటు దాని లెక్కలు నమ్మిన శాస్త్రజ్ఞుడితో ‘హామీ లేదని ముందే చెప్పాంగా’ అంటే సరిపోతుందా? శాస్త్రంలో తప్పు లెక్క ఒక మనిషి దగ్గర ఆగదు. వ్యాసం నుంచి వ్యాసానికి పాకుతుంది.

అందుచేత ఇచ్చినవాడికి బాధ్యత వుందనే నా అభిప్రాయం. కాని అది జీవితాంతం సేవచేసే బాధ్యత కాదు. నిజం చెప్పే బాధ్యత. తన పనిముట్టు ఏది చెయ్యగలదో, ఏది చెయ్యలేదో వివరంగా రాయాలి. తప్పు బయటపడితే దాచకూడదు. ఓపిక తీరినప్పుడు మౌనంగా మాయం కాకుండా, ఇక నావల్ల కాదని బాహాటంగా చెప్పి, ముందుకు వచ్చినవాళ్లకు అప్పగించాలి. ఇంతకు మించి అడిగే హక్కు మనకు లేదు.

మిగతాది ఎవరి బాధ్యత? తీసుకున్నవాళ్లది. ఇక్కడే మనం కళ్లు తెరవాలి. ఒక విద్యార్థి డాక్టరేటు కోసం ప్యాకేజీ రాస్తాడు. పట్టా వస్తుంది, ఉపకార వేతనం ఆగిపోతుంది, పొట్టకూటికి మరోచోట ఉద్యోగంలో చేరతాడు. ప్యాకేజీ మాత్రం బతికే వుంటుంది. దాన్ని వాడుకునే విశ్వవిద్యాలయాలూ, కంపెనీలూ తప్పులు సవరించమని రాత్రివేళ అతనికి ఉత్తరాలు రాస్తాయి. కొత్త వ్యాసం రాసినవాడికి పదోన్నతి లెక్కలో చోటుంది. పాత పనిముట్టును పదేళ్లపాటు పాడుకాకుండా కాపాడినవాడికి సాధారణంగా చోటు లేదు. ఇల్లు కట్టినవాడి పేరు రాతిమీద చెక్కుతారు. రోజూ ఊడ్చే మనిషి పేరు ఎవరికీ తెలియదు. మన సంఘంలో అనాదిగా వున్న ఈ అన్యాయమే కొత్త యంత్రంలోనూ వచ్చి కూర్చున్నది.

మరొక విషయం. తీరిక వున్నవాడే ఉచితంగా ఇవ్వగలడు. నెలజీతం వున్న అధ్యాపకుడి ఔదార్యాన్ని మెచ్చుకుంటూ, ట్యూషన్లు చెప్పుకుని చదువుకునే విద్యార్థిని నువ్వెందుకివ్వవని అడగటం న్యాయం కాదు. స్వచ్ఛంద శ్రమ అనే అందమైన మాట వెనుక ఈ తేడాను దాచిపెడితే, అది మన విమర్శకు తగదు. ఉమ్మడి ఆస్తిని కాపాడే పని ఉమ్మడి ఖర్చు మీద జరగాలి. వాడుకునే సంస్థలు దాన్ని ఉద్యోగంగా గుర్తించాలి, జీతం ఇవ్వాలి.

అంతవరకు మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కరలేదు. ప్యాకేజీ రాయగలిగినవాళ్లు రాస్తారు. రాయలేనివాళ్లు కనబడిన తప్పును మర్యాదగా, వివరంగా తెలియజేయవచ్చు. అర్థంకాని వివరణను అర్థమయ్యేట్టు తిరగరాసి పంపవచ్చు. తమ వ్యాసంలో ఆ ప్యాకేజీ పేరూ, రాసినవాళ్ల పేర్లూ తప్పక పేర్కొనవచ్చు. ఇవి చిన్న పనులే. కాని ఇవి చేసిన రోజు మనం పుచ్చుకునేవాళ్లుగా మిగిలిపోము.

దానం అనే మాటలో ఇచ్చేవాడు ఎత్తున వుంటాడు, పుచ్చుకునేవాడు కింద వుంటాడు. ఇచ్చేవాడు అలసిపోతే ఇద్దరూ నష్టపోతారు. ప్యాకేజీ ఇవ్వటాన్ని దానమని పొగడటం మానేద్దాం. అది పని. పనికి వంతులుండాలి, బావి పూడికకు వున్నట్టే. ఆ వంతుల్లో మనది ఏదో తేల్చుకోవటమే ఇప్పుడు మన ముందున్న ప్రశ్న.