ఎవరి మీద కోపంతో కట్టారు?

2022 మే నెలలో అమ్మ, నాన్న న్యూకాజిల్‌లో నా దగ్గర నెల్లాళ్లు ఉన్నారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఎక్కడికి తీసుకెళ్లాలన్నా ముందు మెట్లెన్ని, ఎక్కుడెంత అని చూసుకోవాల్సిందే. హేడ్రియన్ గోడ వెంబడి ఇంగ్లండ్ ఈ తీరం నుంచి ఆ తీరం దాకా 84 మైళ్ల కాలిబాట ఉంది. అందులో గుట్టలెక్కి దిగే భాగాలు మా వల్ల అయ్యేవి కావు. అందుకని తేలికైన నడకలు రెండు ఏరుకున్నాను. పొద్దున వన్స్ బ్రూడ్ అనే చిన్న ఊరి నుంచి విండోలాండా కోట దాకా పల్లె దారిలో మైలున్నర. మధ్యాహ్నం హౌస్‌స్టెడ్స్ కోట. కారు ఆపిన చోటి నుంచి అర మైలు ఎక్కుడు. ఆగి ఆగి వెళ్లొచ్చు.

పొద్దుటి దారి మాకు బాగా నచ్చింది. రెండు పక్కలా రాళ్లు పేర్చిన దడులు, దడుల వెనక గొర్రెలు, వాటి పిల్లలు. విండోలాండా దగ్గర పడుతుంటే దారి పక్కన నిలువెత్తు రాతి స్తంభం కనబడింది. రోమన్లు పాతిన మైలురాయి. పాతిన చోటే ఇంకా నిలబడి ఉంది. నాన్న ఇరిగేషన్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. దాన్ని ఓసారి చేత్తో తడిమి, "మనం వేసినవి మూడేళ్లకే వాలిపోయేవి" అన్నాడు.

విండోలాండాలో మనసు పట్టేసేవి కట్టడాలు కాదు, ఉత్తరాలు. 1973లో ఇక్కడ తవ్వుతుంటే తడి మట్టిలో పలచటి చెక్క రేకులు దొరికాయి, వాటి మీద సిరాతో రాత. చాలావరకు సా.శ. 100 ప్రాంతంవి, అంటే గోడకి ఇరవై ఏళ్ల ముందటివి. ఒక అధికారి భార్య క్లాడియా సెవెరా ఇంకో అధికారి భార్యని తన పుట్టినరోజుకి రమ్మని పిలుస్తుంది. చివర్లో నాలుగు మాటలు తన చేత్తో తనే రాసింది. ఇంకెవరో ఎవరికో మేజోళ్లు, చెప్పులు, లోపలి బట్టలు పంపినట్టు రాశారు. ఇది విని అమ్మ నవ్వింది. మొదటిసారి నేను ఈ దేశం వస్తున్నప్పుడు తను సర్దిన సూట్‌కేసులోనూ సరిగ్గా అవే ఉన్నాయి మరి.

ఆ ఉత్తరాల్లోనే ఇంకో రెండున్నాయి. ఒకదాంట్లో స్థానికులు యుద్ధం ఎలా చేస్తారో వివరిస్తూ వాళ్లనొక వెటకారపు మాటతో పిలిచారు. తెలుగులో చెప్పాలంటే 'ఈ బ్రిటన్‌గాళ్లు' అన్నట్టుంటుంది. రెండోది ఒక వ్యాపారి రాసుకున్న మొర. తనని బెత్తాలతో కొట్టారని, తను సముద్రం అవతలి నుంచి వచ్చినవాణ్ణని, ఏ తప్పూ చేయలేదని, న్యాయం చేయమని వేడుకుంటాడు. అది చక్రవర్తిని ఉద్దేశించి రాసినదే అయ్యుండొచ్చంటారు. అతని పేరు మిగల్లేదు. నేను ఆ మొర దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగాను.

మధ్యాహ్నం హౌస్‌స్టెడ్స్ ఎక్కాం. విండోలాండా గోడకి మైలు దక్షిణాన ఉంటుంది కాబట్టి అసలు గోడని దగ్గరగా చూడటం అప్పుడే. కోట ఉత్తరపు అంచే గోడ. అక్కణ్ణుంచి రెండు వైపులా గుట్టల వీపుల మీదుగా కనుచూపు మేర పోతుంది. అమ్మ బెంచీ మీద కూలబడి, మంచినీళ్లు తాగి, దాన్ని చూస్తూ అడిగింది: "ఏరా, ఇంత గోడ ఎవరి మీద కోపంతో కట్టార్రా?"

నా దగ్గర సమాధానం సిద్ధంగానే ఉందనుకున్నాను. 122లో హేడ్రియన్ చక్రవర్తి బ్రిటన్‌కి వచ్చాడు. ఆయన ఆజ్ఞ మీద మూడు లీజియన్ల సైనికులు 73 మైళ్ల గోడ కట్టారు. ఎందుకంటే, అని చెప్పబోయి ఆగిపోయాను. రోమన్లనీ అనాగరికులనీ విడదీయడానికి అని చాలా తరాల తర్వాత రాసిన ఒక జీవితచరిత్ర అంటుంది. పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు: రక్షణకా, రాకపోకల మీద నిఘాకా, సుంకాలకా, మా రాజ్యం ఇంతటిదని చూపించుకోడానికా. ఈ జాబితాలో కోపం లేదు. "తెలుసుకుని చెప్తానమ్మా" అన్నాను, ఆఫీసులో చెప్పినట్టే.

అమ్మని అక్కడే కూర్చోబెట్టి, నేనూ నాన్నా పడమరగా ఒక పావు మైలు నడిచాం. అక్కడ మైల్‌కాజిల్ 37 అని ఒక చిన్న కోట ఉంది. గోడ పొడుగునా ప్రతి రోమన్ మైలుకీ ఇలాంటిదొకటి, దాదాపు ప్రతిదానికీ ఉత్తరం వైపు ఒక ద్వారం. ఇక్కడి ద్వారపు కమాను రాళ్లు కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి. చూడ్డానికి చాలా బావుంటుంది, ఫోటోలు తీశాను. నాన్న మాత్రం కమాను వదిలేసి గుమ్మం అవతలికి తొంగి చూశాడు. గుమ్మం దాటగానే నేల నిటారుగా కిందికి పోతుంది. బండి సంగతటుంచి, గొర్రె కూడా ఓసారి ఆలోచిస్తుంది.

"ఇక్కడ గేటేంట్రా?"

"మైలుకో గేటు పెట్టాలని ప్లాన్, నాన్నా. మైలు సరిగ్గా ఇక్కడ పడింది."

నాన్న నవ్వాడు. "అంతేలే. డ్రాయింగులో ఉంది, పెట్టారు. బిల్లు పాసవ్వాలి కదా."

తర్వాతి కాలంలో ఆ ద్వారాన్ని ఇరుకు చేసేశారట. కానీ కట్టినప్పుడైతే పూర్తి వెడల్పుతో, పెద్ద రాళ్లతో, శ్రద్ధగా కట్టారు. కట్టినవాళ్లకి కళ్ల ముందే కనిపిస్తోంది, ఈ గేటులోంచి ఎవరూ పోలేరని. అయినా కట్టారు. ఆ శ్రద్ధ చూస్తుంటే నాకు ఒళ్లు కొంచెం చల్లబడింది, ఎందుకంటే అలాంటి గేటొకటి నేనూ కట్టాను.

నాలుగేళ్ల కిందటి మాట. ఒక క్లయింటు కోసం దరఖాస్తు ఫారం చేస్తున్నాం. జనం సాయం కోసం పెట్టుకునే దరఖాస్తు. అందులో ఇంటిపేరు గడికి నేను రాసిన రూలు: కనీసం రెండక్షరాలుండాలి. మనవాళ్లలో పాస్‌పోర్టు మీద ఇంటిపేరు బదులు ఒక్క పొడి అక్షరంతో సరిపెట్టుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారో ఆ టీమ్‌లో నాకొక్కడికే తెలుసు. కాల్‌లో ఒకసారి అడిగాను. రిక్వైర్‌మెంట్‌లో రెండని ఉంది, ఫేజ్ టూలో చూద్దాం అన్నారు. సరే అని రూలు రాసి, టెస్టులు కూడా రాసి, టికెట్ మూసేశాను. టెస్టులు చాలా నీట్‌గా రాశానని రివ్యూలో మెచ్చుకున్నారు. కొన్ని నెలలకి సపోర్ట్ వాళ్ల జాబితాలో ఒక వరుస చూశాను: పేరు తప్పని ఫారం తీసుకోవట్లేదట, ఆ మనిషి నాలుగుసార్లు ఫోన్ చేశారట. నాకు ఆ మనిషి మీద కోపం లేదు. రూలు పెట్టినవాళ్లకీ లేదు. కోపమే ఉండుంటే ఎవరో ఒకరికి అనుమానమైనా వచ్చేది.

గేటుకి అవతలి వైపు కూడా నాకు తెలుసు. 2019లో నా వీసా పొడిగింపు దరఖాస్తు నడుస్తుండగా అమ్మమ్మ పోయింది. నిర్ణయం రాకముందు దేశం దాటితే దరఖాస్తు రద్దయినట్టే. సలహా కోసం ఒక కార్యాలయానికి ఫోన్ చేశాను. అవతలి అతను ఎంత మర్యాదగా మాట్లాడాడంటే, చివర్లో నేనే థ్యాంక్స్ చెప్పి పెట్టేశాను. అమ్మమ్మని వీడియోలో చూశాను. అతని మీద ఇప్పటికీ కోపం తెచ్చుకోలేను. నాలాగే అతనూ టికెట్ మూశాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, శిథిలాల మధ్య హాయిగా నడవడం తప్పా అనే ప్రశ్న ఒకటి నన్ను చాన్నాళ్లుగా వేధిస్తోంది. ఒక సామ్రాజ్యం జనాన్ని విడదీయడానికి కట్టిన గోడ పక్కన శాండ్‌విచ్ తింటాం, సెల్ఫీ తీసుకుంటాం. తప్పేం లేదని చెప్పే వాదనల్లో బలమైనది కాలం: 1900 ఏళ్లయింది, నొప్పి పడ్డవాళ్లూ లేరు, పెట్టినవాళ్లూ లేరు, ఇంకా బాధపడటం నటనే అవుతుంది. ఈ వాదన నాకు సగం నచ్చుతుంది. లేని అపరాధం మోయడం కూడా ఒక రకం షోకే.

కానీ కాలం గోడల్ని నిజంగా కడిగేస్తుందా? ఆ రోజు మేం కారులో వచ్చిన రోడ్డు పేరు మిలిటరీ రోడ్. 1745లో స్కాట్లండ్ నుంచి తిరుగుబాటు సైన్యం దిగినప్పుడు న్యూకాజిల్‌లోని ప్రభుత్వ సైన్యం దేశానికడ్డంగా పడమటి వైపు సమయానికి చేరలేకపోయింది. దాంతో 1750లలో ఈ రోడ్డు వేశారు. చాలా మైళ్లు గోడని పడగొట్టి, దాని రాళ్లతోనే, దాని మీదే వేశారు. అంటే ఒక సామ్రాజ్యపు శిథిలం ఇంకో సైన్యానికి పునాది. రాళ్లు మెత్తబడ్డాయి, గడ్డి మొలిచింది, కానీ పని ఆగలేదు, పక్కకి జరిగిందంతే. ఈ గోడని నేను ఏ అనుమతీ లేకుండా ఉత్తరానికి దాటాను. అప్పుడు నా జేబులో రెసిడెన్స్ పర్మిట్ కార్డుంది.

అలాగని కట్టినవాళ్లని రాక్షసులని తేల్చేయడమూ కుదరదు. హౌస్‌స్టెడ్స్‌లో కాపలా ఉన్న టుంగ్రియన్ల దళం పుట్టిల్లు ఇవాళ్టి బెల్జియం వైపు. రోమ్ గెలుచుకున్న ప్రాంతమే అదీ. గోడ తూర్పు కొసకి అవతల, సౌత్ షీల్డ్స్‌లో, ఒక సమాధి రాయి దొరికింది. సిరియాలోని పాల్మైరా నుంచి వచ్చిన బరాతెస్ అనే అతను ముప్ఫయ్యేళ్లకే చనిపోయిన భార్య రెజీనా కోసం చెక్కించాడు. ఆమె దక్షిణ బ్రిటన్ తెగల మనిషి, ఒకప్పుడు బానిస, విడుదల చేసి పెళ్లాడాడు. పైన లాటిన్‌లో అధికారికంగా ఉంటుంది. కింద ఒక్క వరుస మాత్రం అతని సొంత భాషలో, పాల్మైరా లిపిలో. ఆ వరుస చదవగలిగినవాళ్లు ఆ ఊళ్లో ఎందరుండేవారు? ఆ దుఃఖం నిజమే. ఆమె ఒకప్పుడు మనిషి చేతిలో సొత్తుగా ఉందన్నదీ నిజమే. పొట్ట చేతబట్టుకుని దూరం నుంచి వచ్చినవాళ్లే గోడకి కాపలా కాశారు, దాని నీడలో కాపురాలు చేశారు. నేను కూడా అలా వచ్చినవాణ్ణే.

కాబట్టి నాకు తోచింది ఇది. నడవడం తప్పు కాదు. గొర్రెపిల్లల్ని చూసి మురిసిపోవడమూ తప్పు కాదు. శిథిలం మనకి చేసే అసలు అపకారం వేరే ఉంది. దాన్ని చూసినప్పుడు చెడు అంటే చక్రవర్తులు, కత్తులు, పగలు అనీ, అదంతా అయిపోయిందనీ అనిపిస్తుంది. మైల్‌కాజిల్ 37 దగ్గర నాకు కనిపించింది మాత్రం పగ కాదు. ప్లానులో ఉన్నదాన్ని ప్లానులో ఉన్నట్టు చేసి, సాయంత్రం మేజోళ్ల కోసం ఇంటికి ఉత్తరం రాసుకునే మంచి పనివాళ్లు. వాళ్లని క్షమించడం నాకు చాలా తేలిక. ఆ తేలికే నన్ను భయపెట్టింది.

మేం తిరిగొచ్చేసరికి అమ్మ ఎవరో ముసలావిడతో సైగలతో మాట్లాడుతోంది, ఇద్దరి మోకాళ్ల గురించే అనుకుంటా. ఆవిడ వెళ్లాక చెప్పాను: "అడిగావు కదమ్మా. ఎవరి మీదా కోపంతో కట్టలేదట."

అమ్మ గోడ వైపు ఇంకోసారి చూసింది. "కోపం లేకుండానే ఇంత కట్టారా? కోపమైతే తగ్గేదన్నా" అని, నాన్న చెయ్యి పట్టుకుని మెల్లగా దిగడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చాక ఆ రూలు సరిచేశానని చెప్పగలిగితే బావుండేది. ఆ ప్రాజెక్టు వదిలి అప్పటికే ఏడాది దాటింది, ఆ కోడ్‌కి నాకు యాక్సెస్ లేదు. పాత టీమ్‌లో ఒకతనికి మెసేజ్ పెట్టాను. చూస్తానన్నాడు. ఇప్పుడు కొత్త ఫారం ఏది రివ్యూకి వచ్చినా ఈ గడి దగ్గర ఆగిపోయేది ఎవరు అని రాసి అడుగుతున్నాను, కాల్‌లో నోటిమాటగా కాకుండా. రెండుసార్లు మార్చారు. మిగతావి ఫేజ్ టూలో ఉన్నాయి.