వేట ఆడి చూపించడం

ఉగాండాలోని బ్విండి వానల అడవికి కొండ గొరిల్లాలను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. విదేశీయులకు ఒక్కో అనుమతి 800 డాలర్లు. గొరిల్లాల దగ్గర ఉండనిచ్చేది ఒక గంట. 1991లో ఆ అడవిని జాతీయ పార్కు చేసినప్పుడు, అందులో వేటాడి తేనె తీసి బతికిన బట్వా జనాన్ని బయటికి పంపేశారు. పరిహారం దాదాపు ఎవరికీ అందలేదు.

అదే ఏడాది పార్కు అయిన మ్గహింగాలో ఇప్పుడు 'బట్వా ట్రయల్' అనే నడక ఉంది. గైడ్లు బట్వాలే. కర్రలు రాపాడించి నిప్పు పుట్టిస్తారు, మందు చెట్లు చూపిస్తారు, విల్లు ఎక్కుపెట్టి అక్కడ లేని జంతువును వేటాడతారు. గరమా గుహ చీకట్లో పాట పాడతారు. ఆ తర్వాత యాత్రికులతో పాటు వాళ్ళూ అడవి దాటి రావాలి.

ఇది పనా, అవమానమా? కూలి వస్తుంది, కాదనను. ఆ వంకనైనా చెట్ల పేర్లు పిల్లల నోట నిలుస్తాయి. గొరిల్లాలూ బతకాలి, అందులో వాదం లేదు. అరకులో మన థింసా చూసి చప్పట్లు కొట్టేవాళ్ళను కూడా నేను తప్పు పట్టను. ఆడినవాళ్ళకు ఆట అయ్యాక వెళ్ళడానికి ఊరుంది, పోడుంది. (అదైనా ఎన్నాళ్ళో!) బట్వా గైడుకు వెనక్కి వెళ్ళే చోటే లేదు. యాత్రికుడి కోసం విల్లు ఎత్తితే వినోదం. తన పిల్లల కోసం ఎత్తితే అదే చేతికి నేరం. చెయ్యి ఒకటే, అడవి ఒకటే; మారింది చూసేవాడు. టికెట్టు కొన్నవాడికి ఈ సంగతి చెప్పకుండా నడిపించడం నాకు మోసంగానే కనిపిస్తుంది.

2021లో ఉగాండా రాజ్యాంగ న్యాయస్థానం బట్వాలకు అన్యాయం జరిగిందనే తేల్చింది.