సర్వేలో సత్యం ఎవరి పూచీ?

నోటిమాటను, అంటే శబ్దాన్ని, జ్ఞానాన్నిచ్చే నాలుగు ప్రమాణాల్లో ఒకటిగా అంగీకరించిన న్యాయదర్శనం, ఆ మాట ఆప్తుడిదై ఉండాలని నియమం పెట్టింది. న్యాయభాష్యకారుడైన వాత్స్యాయనుడి (కామసూత్రకారుడు వేరు) లెక్కలో ఆప్తుడంటే విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే తెలపాలన్న కోరిక గలవాడు; అతడు ఋషి అయినా మ్లేచ్ఛుడైనా ఒకటే. లైంగిక ఆరోగ్య పరిశోధన చాలావరకు ఈ ప్రమాణం మీదే ఆధారపడుతుంది, ఎందుకంటే ఎవరు ఎవరితో కలిశారో, నిరోధ్ వాడారో లేదో చూసి చెప్పగల మూడో మనిషి ఉండడు. జ్ఞాపకం కొంత తప్పినా స్వయంగా ఎరగడమన్న లక్షణం అందరికీ ఉన్నదే. చిక్కంతా తెలపాలన్న కోరికతోనే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో జీవితకాల లైంగిక భాగస్వాముల సగటు దేశం మొత్తం మీద పురుషులకు 2.1, స్త్రీలకు 1.7గా వచ్చింది. స్త్రీపురుషుల కలయికలో ఇరువైపులా ఒక్కొక్కరే ఉంటారు కనుక ఈ రెండు సగటులూ ఇంచుమించు కలవాలి. లైంగిక వృత్తిలో ఉన్న స్త్రీలు ఇంటింటి సర్వేకు సరిగా అందకపోవడం, రెండు వర్గాల వయోపరిమితులు వేరుగా ఉండడం తేడాకు కొంత కారణమైనా, మగవారు పెంచి, ఆడవారు తగ్గించి చెప్పే అలవాటు ప్రపంచమంతటా కనిపించేదే. జింబాబ్వేలో వీర్యంలోని పీఎస్ఏ అనే ప్రోటీన్ కోసం పరీక్షించినప్పుడు, దాని జాడ దొరికిన స్త్రీలలో దాదాపు సగం మంది గత రెండు రోజుల్లో కలయికే లేదనో, కండోమ్ వాడామనో చెప్పినవారే. మనిషికి బదులు కంప్యూటర్ చేత ప్రశ్నలు అడిగించినా అక్కడ ఫలితం పెద్దగా మారలేదు.

దీన్ని అబద్ధమని తేల్చేసే ముందు, వామనుడికి మాట ఇచ్చిన బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు చేసిన బోధను గుర్తుచేసుకోవాలి. స్త్రీల విషయంలో, పెళ్లి మాటల్లో, ప్రాణం, ధనం, మానం పోయే వేళల్లో బొంకినా పాపం అంటదని ఆయన అన్నాడు. బలి ఆ మినహాయింపును కాదనగలిగాడు గాని, అతడు పణంగా పెట్టింది తన సొంత రాజ్యాన్ని. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఒక రెండు గదుల ఇంట్లో, అత్త గడప దగ్గర బియ్యం ఏరుతుండగా, ఆడబిడ్డ లోపలికీ బయటికీ తిరుగుతుండగా, ట్యాబ్ పట్టుకొచ్చిన అపరిచితురాలు గొంతు తగ్గించి అడిగే ప్రశ్నకు కోడలు ఉన్నదున్నట్టు చెబితే ఆమె పోగొట్టుకునేది కాపురాన్నే. పైగా అదే ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో 2022 ఆగస్టు 25న 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేయగా, తర్వాతి రోజుల్లో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. వైద్య వ్యవస్థకు తమ దేహాలను అప్పగించి ఇంత నష్టపోయిన ఊళ్లలో, ఆరోగ్యం పేరిట వచ్చి పడకటింటి సంగతులు అడిగేవారు నిజాన్ని హక్కుగా కోరలేరు. ఆ నిజం చెప్పినవారికి కీడు జరగదన్న పూచీ ముందుగా వారే ఇవ్వాలి. కనుక ఆప్తత్వం చెప్పేవారి గుణం మాత్రమే అనుకోవడం సరికాదు, అందులో సగం అడిగేవారు సమకూర్చవలసిందే.

కర్ణాటకలో వాడిన పోలింగ్ బూత్ పద్ధతి ఆ పూచీకి దగ్గరగా వస్తుంది: కొందరిని అడ్డతెరల వెనుక విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నను అందరికీ ఒకేసారి చదివి వినిపిస్తే, ఎవరికి వారు పేరులేని చీటీని డబ్బాలో వేస్తారు. ముఖాముఖిలో దాచిన ప్రవర్తనలు ఇందులో ఎక్కువగా బయటపడ్డాయి. ఏ జవాబు ఎవరిదో తెలియదు కనుక ఒకే మనిషి ఇచ్చిన రెండు జవాబులను జతచేసి చూడడం పరిశోధకుడికి కుదరదు. కోడలి కాపురం ముందు అది ఒప్పుకోదగిన నష్టమే.