ఎవరి ఉప్పు తిన్నట్టు?

జనవరిలో వాటర్లూలో సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది. బయట మైనస్ పదిహేను. అలాంటి శనివారాల్లో మా పన్నెండేళ్ళ వాడికి రొయ్యల పాస్టా కావాలి. నాకూ సులువే. ఒక పొయ్యి మీద స్పగెటీ ఉడికేలోపు రెండో పొయ్యి మీద ఆలివ్ నూనెలో వెల్లుల్లి ముక్కలు, కాసిని ఎండుమిరప పలుకులు వేసి, తడి తుడిచిన రొయ్యల్ని అటు ఒక నిమిషం ఇటు ఒక నిమిషం తిప్పితే చాలు. రొయ్య చుట్టుకోగానే దింపెయ్యాలి, ఆలస్యమైతే రబ్బరే. పాస్టా ఉడికిన నీళ్ళు ఒక గరిటెడు, పైన నిమ్మరసం. మావాడు ఛీజ్ డబ్బా తీస్తాడు, నేను లాక్కుంటాను. సముద్రపు సరుకుతో ఛీజ్ ఇటలీవాళ్ళకి నిషిద్ధం, చేపల కూరతో పెరుగు మా అమ్మకి నిషిద్ధం. ఇద్దరూ కారణం చెప్పరు.

మొన్న శనివారం ప్యాకెట్ వెనక చూసి మావాడు, "అమ్మా, ఇండియా రొయ్యలు!" అన్నాడు. దేశంలో రొయ్యలు అందరికన్నా ఎక్కువ పెంచేది మన ఆంధ్రావాళ్ళే కాబట్టి, నేను కాస్త గొప్పగానే, "ఇండియా ఏమిటి, మా ఊరివే అయ్యుండొచ్చు" అన్నాను. ఆ ఊపులో అమ్మ చేసే రొయ్యల ఇగురు గురించి చెప్పాను. వానాకాలం, తడి కట్టెల పొగ, చివర్లో వేసే చింతచిగురు. వాడు వింటూ, "ఇవే రొయ్యలా?" అన్నాడు.

కావు.

ఈ ప్యాకెట్లోది వనామీ. దాని పుట్టిల్లు మెక్సికో నించి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. మన దేశంలో పెంచుకోవడానికి అనుమతి వచ్చింది 2009లో. అప్పటికి నేను ఊరొదిలి చాలా ఏళ్ళయింది. అమ్మ వండినవి బోదెల్లో దొరికే చిన్న మంచినీటి రొయ్యలు. అవి పట్టి తెచ్చిచ్చేది పక్కచేను పిన్ని. మాకు చుట్టం కాదు, గట్టు పక్క గట్టు. వాళ్ళది అరెకరం. తెల్లారకట్ట బోదెలో వెదురుబుట్ట ఎత్తి, దొరికినవాటిలో సగం మా పెరట్లో పోసి, చెంబుడు మజ్జిగ పట్టుకెళ్ళేది. నాకు రొయ్య వొలవడం నేర్పింది కూడా ఆవిడే.

అంటే, చేతిలో ఒక రొయ్యని పెట్టుకుని ఇంకో రొయ్యని తలుచుకుంటున్నానన్నమాట. ఈ రొయ్య గుర్తు చెయ్యాల్సింది వేరే ఉంది.

తొంభైల మొదట్లో మా నాన్న నాలుగెకరాలూ తవ్వించి చెరువు చేశాడు. ఉప్పుటేటి నీళ్ళు ఇంజన్లతో తోడి టైగర్ రొయ్య వేశాడు. రెండు పంటలు విరగపండాయి. అప్పులు తీరాయి, నా ఇంజనీరింగు ఫీజు కట్టారు. తరవాత 1994-95లో తెల్లమచ్చల జబ్బు వచ్చి కోస్తా అంతా చెరువులు ఖాళీ అయ్యాయి, మాదీ అంతే. రొయ్యలు పోయాయి గాని ఉప్పు పోలేదు. గట్టులోంచి ఊటదిగి పిన్ని అరెకరం చవుడు బారింది. వరి ఈనింది గాని అంతా తాలే. మా నాన్న దుర్మార్గుడేం కాదు. ఊళ్ళో అందరూ చేసిందే చేశాడు. పిన్ని మొగుడు గట్టు మీద కొచ్చి అడిగితే, "నువ్వూ లీజు కిచ్చెయ్యి" అన్నాడు. వాళ్ళు ఇవ్వలేదు. పిన్ని రొయ్యల షెడ్డులో పనికి చేరింది. ఐసులో చేతులు పెట్టి తలలు తీసే పని. మా పెరట్లోకి బుట్ట రావడం ఆగిపోయింది. అమ్మ ఇగురు మారిపోయిందని నేను చాలాకాలం అమ్మనే అన్నాను!

తమిళనాడు సర్వోదయ నాయకుడు జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తీరప్రాంతపు హద్దుల్లో ఉన్న రొయ్యల చెరువులు పూడ్చెయ్యాలనీ, పాడు చేసినవాడే నష్టపోయినవాళ్ళకి కట్టుకోవాలనీ. పాతపద్ధతి చెరువుల్ని వదిలిపెట్టింది. తరవాత 2005లో పార్లమెంటు చట్టం చేసి, నమోదు చేయించుకున్న చెరువులకి దారిచ్చింది. మా చెరువు ఆ హద్దుకి ఎలాగూ అవతలే. కాబట్టి చట్టం లెక్కన మేం ఎవరికీ ఏమీ బాకీ లేం.

మరి వేరే లెక్కేదైనా ఉందా? తండ్రి చేసినదానికి కూతురు బాధ్యురాలా అని అడిగితే కాదనే అంటాను. కాని ఫీజు కట్టించుకున్నది కూతురే కదా. తెలియక తీసుకున్న లాభం తెలిశాక కూడా తెలియనట్టే ఉంటుందా? ఓసారి ఊరెళ్ళినప్పుడు పిన్ని చేతిలో కొంత డబ్బు పెట్టాను. తీసుకుంది. "ఎందుకమ్మా" అనలేదు, దీవించనూ లేదు. మడిచి బొడ్లో దోపుకుని, "మీ అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అంది. బాకీ తీరినట్టు నాకైతే అనిపించలేదు. తీర్చడానికి తొందరపడ్డది నేనే అనిపించింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, డైనింగ్ టేబుల్ మీద ఒక కాగితం ఉంది. నాన్న పోయాక ఆ నాలుగెకరాల్లో నా వాటా రెండు. తమ్ముడు మొత్తం వనామీకి లీజుకిద్దామంటున్నాడు, నా సంతకం కావాలి. పెట్టకపోతే ఏమవుతుంది? చుట్టూ అన్నీ చెరువులే, ఆ నేలలో వరి పండదు. నా చేతులు శుభ్రంగా ఉంటాయి, అంతే. అవీ ఎంత శుభ్రమో ఈ ప్యాకెట్ చెబుతూనే ఉంది. వొలిచి, నరం తీసి పంపారు. ఎవరి వేళ్ళు తీశాయో మరి.

మావాడికి ఇందులో కొంత చెప్పాను. "అయితే కొనొద్దా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నీళ్ళు మరిగాయి, ఉప్పు వేశాను. సముద్రపు నీళ్ళంత ఉప్పగా ఉండాలంటారు. అంత వెయ్యలేకపోయాను. పాస్టా చప్పగా వచ్చిందని మావాడు మూడుసార్లు అన్నాడు, అయినా ఒక్క రొయ్య మిగల్చలేదు. నేనూ తిన్నాను.

గిన్నెలు కడిగాక తమ్ముడికి ఫోన్ చేశాను, అక్కడ పొద్దున్న ఏడు. సంతకం సంగతి తరవాత, ముందు పిన్నిని అడగాలి, గట్టు ఆవిడది కూడా కదా అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు.

"ఆవిడ అరెకరం మూడేళ్ళ కిందటే చెరువు కిచ్చేసింది కదే అక్కా!"

సరే, అయినా నంబరివ్వు అన్నాను.