చలికాలపు వెచ్చదనం: షుక్ర్‌తోపాటు లెక్క కూడా

విశాఖలో జనవరి తెల్లవారుజామున ఫజ్ర్ నమాజుకు లేచి వుజూకు కూర్చుంటాం. ఒక్కోరోజు నీళ్లు చల్లగా తగలవు. 'అల్‌హందులిల్లాహ్, చలి లేదు' అనుకుంటాం. మరుక్షణమే మనసులో కలవరం. పూర్వం ఈ వెచ్చదనం హాయి మాత్రమే. ఇప్పుడు అది భయం కూడా.

ఒక్క వెచ్చని రోజును చూసి తీర్పు చెప్పలేం. కాని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం, రికార్డులున్నంత వరకు అత్యంత వేడి సంవత్సరం 2024. బొగ్గు, చమురు, గ్యాసు మండించడమే దీనికి ప్రధాన కారణం. మన రేవులో దిగే బొగ్గు, ఉక్కు కర్మాగారంలో వాడే బొగ్గు మనలో ఎందరికో అన్నం పెడుతున్నాయి. అందుకే ఇతరులను వేలెత్తి చూపేముందు మన ఇంటి లెక్క చూసుకోవాలి.

నేల మీద, నీటిలో చెలరేగే కల్లోలానికి మానవుల చేతలే కారణమని దివ్య ఖుర్‌ఆన్ (30:41) హెచ్చరిస్తోంది. మనం మరలి రావడానికే ఆ హెచ్చరిక.

దైవప్రవక్త (స) 'ముద్' అనే చిన్న కొలపాత్రెడు నీటితో వుజూ చేసేవారు. మనమో కుళాయి అలాగే వదిలేస్తాం. ఆ నీటిని ట్యాంకులోకి ఎక్కించే మోటారు నడిచేది ఎక్కువగా బొగ్గు కరెంటుతోనే కదా!

వెచ్చని ఉదయానికి షుక్ర్ చెప్పుకుందాం. ఆ షుక్ర్ నాలుక మీదే ఆగకుండా, కుళాయి కట్టే చేతిలోనూ కనిపించాలి. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.